రోధక పదార్థముల విద్యుద్గుణ మాపనము : అల్ప పౌనఃపున్యములు

విద్యుత్తును తమగుండ పోనీయక అడ్డగించు గాజు, పింగాణి, అభ్రకము, రబ్బరు, లక్క, మైనము, ఖనిజ తైలము, ఎండిన కాగితము, పాలిథీను మున్నగు పదార్థములను విద్యుద్బంధకములనియు, విద్యుత్ క్షేత్రమునకు లోనైనపుడు తమ అణువులయందు పొందు మార్పుల దృష్ట్యా వానినే రోధకములనియు వ్యవహరింతురు. తీగకు తొడుగుగాను, కండెన్సరు పలకల నడుమ పొరగాను, ట్రాన్స్‌ఫార్మరు చుట్టలను వేరుపరచు మాధ్యమముగాను వీనిని వాడుటకు ముందు తెలిసికొనవలసిన గుణములు ముఖ్యముగా నాలుగు. శూన్యముకంటె ఎన్ని రెట్లు ఆవేశమును నిలుపగలదో తెలుపునది రోధక స్థిరాంకము. ఏకాంతర విద్యుత్తు వర్తించినపుడు ఎంత శక్తి వేడిమిగా మారి వ్యర్థమగునో తెలుపునది నష్టకోణము. పదార్థపు లోపలి భాగముగుండ ప్రవాహమునకు గల ప్రతిబంధము ఘన నిరోధకత. పైతలము మీదుగా ప్రాకు ప్రవాహమునకు గల ప్రతిబంధము తల నిరోధకత. ఎంత వోల్టేజికి పదార్థము ఛేదింపబడునో తెలుపు విద్యుద్దార్ఢ్యము అయిదవదిగా చెప్పదగినదే గాని, ఆ పరీక్షలో నమూనా నశించును గనుకను, దాని పద్ధతులు వేరు గనుకను, ఇచట దానిని వదలివేయడమైనది.

అల్ప పౌనఃపున్యములనగా సెకనుకు కొన్ని వేల ఆవృత్తులకు లోబడినవి. ఇండ్లకును కర్మాగారములకును వచ్చు 50 హెర్ట్జ్ విద్యుత్తు వీని నడుమ నున్నది. దానికి దిగువన 1 హెర్ట్జ్, 0.01 హెర్ట్జ్, 0.0001 హెర్ట్జ్ అని దిగుచు పోయినచో అంతమున ఏకముఖ విద్యుత్తు వచ్చును. ఈ మేరయందంతటను విద్యుత్తరంగ దైర్ఘ్యము నమూనా పరిమాణముకంటె అత్యధికమగుటచే, నమూనాను ఒక కండెన్సరుగాను దానికి జతపడిన నిరోధముగాను భావించి లెక్కలు సాగింపవచ్చును. లెక్క సులభము, కష్టమంతయు కొలతయందే కలదు. ఏలయన, రోధకము కాలమును మరువని పదార్థము: ఒక క్షణమున కొలిచిన విలువ మరుక్షణమున ఉండదు, నిన్న వర్తింపజేసిన వోల్టేజి నేటి కొలతను మార్చివైచును. అందుచేత ఈ శాస్త్రశాఖయందు ఎంత సేపటికి, ఏ పౌనఃపున్యమున, ఏ ఉష్ణోగ్రతయందు అనునవి చెప్పక పలికిన ఏ సంఖ్యయు సగము సంఖ్యయే.

ఒక రోధకపు పలకకు ఇరువైపుల లోహపు ఎలక్ట్రోడులను అమర్చి హఠాత్తుగా 500 వోల్టుల ఏకముఖ విద్యుత్తును కలిపినపుడు ఏమి జరుగునో చూతము. మొట్టమొదట సూక్ష్మ కాలములోనే ఎలక్ట్రోడులు ఆవేశమును నింపుకొనును. ఇది ఏ కండెన్సరునకైనను సహజము. అటుపిమ్మట ప్రవాహమాపకపు ముల్లు సున్నకు రాదు. పదార్థమునందలి ధ్రువాణువులు క్షేత్రమునకు అనుగుణముగా మెల్లగా తిరుగుచుండుట చేతను, లోపల చిక్కుకొన్న అయానులు పొరల సరిహద్దులకు చేరుచుండుట చేతను, నిమిషములు, గంటలు, ఒక్కొక్కప్పుడు దినములు గడచువరకును క్షీణించుచు పోవు శోషణ ప్రవాహము కనబడుచుండును. అది అణగిన పిదప మిగులు స్థిర ప్రవాహమే నిజమైన వాహకత్వపు ఫలము. ఎలక్ట్రోడులను కొంత సేపు కలిపి, మరల విడదీసి ఉంచినచో, ఖాళీ అయినదనుకొన్న కండెన్సరునందు ఆవేశము తిరిగి పుట్టుకొని వచ్చుటయు ఇట్టిదే. పెద్ద కేబులును పరీక్షించిన పిదప చాలసేపు భూమికి కలిపి ఉంచవలెనని పనివారికి గట్టిగా చెప్పుట ఈ హేతువుననే; ఆ మిగులు ఆవేశము ప్రాణాపాయకరము.

రోధక స్థిరాంకపు భేదమును తొలుత తెలిసికొన్నవాడు హెన్రీ కావెండిష్. 18వ శతాబ్దపు ఉత్తరార్ధమున అతడు గాజు, లక్క, మైనము పలకలతో కండెన్సరులను చేసి, గాలి పలకలతో పోల్చి చూచి, పదార్థభేదమునుబట్టి ఆవేశ పరిమాణము మారునని కనుగొనెను. కాని ప్రచురణయందు అతనికి గల విముఖత ప్రసిద్ధమైనదే. ఆ పత్రములను మాక్స్‌వెల్ సంస్కరించి 1879లో వెలువరించువరకును లోకమునకు అవి తెలియవు. ఈలోగా మైకేల్ ఫారడే స్వతంత్రముగా అదే సత్యమునకు వచ్చెను. 1837లో అతడు వాడిన ఉపకరణము నేటికిని ఆదర్శప్రాయమైనది: సర్వసమానములైన రెండు ఇత్తడి గోళ సాధనములు, ఒక్కొక్కదానియందు బయటి గోళము నడుమ లోపలి గోళము, మొదట రెంటను గాలియే. ఒకదానిని ఆవేశపరచి రెండవదానికి తాకించినచో ఆవేశము సరిసమముగా పంచుకొనబడవలెను. ఒకదాని క్రింది అర్ధగోళమున లక్కను పోసి అదే చేసినపుడు పంపకము సమముగా లేకపోయెను. లక్కగల సాధనము అధికభాగమును తీసికొనెను. తెలియనిదానిని తెలిసినదానితో ప్రక్కప్రక్కన నిలిపి తేడాను మాత్రమే కొలుచుట అను ఈ పద్ధతియే తరువాతి బ్రిడ్జిలన్నిటికిని మూలము.

ప్రయోగశాలలోని ఈ కుతూహలమును పరిశ్రమకు ఆవశ్యకమైన విద్యగా మార్చినవి సముద్రగర్భ తంతులు. మలయా ద్వీపకల్పపు చెట్లనుండి తీసిన గట్టపర్చా అను జిగురును రాగితీగకు పొదిగి, 1858లో అట్లాంటిక్ మహాసముద్రపు అడుగున తంతిని పరచిరి. సంకేతములు మందగించుచుండగా వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అను అధికారి ప్రేరణ చుట్టలతో సుమారు 2,000 వోల్టులను ఆ తంతిపై ప్రయోగించెను. ముందే లోపభూయిష్టమైయున్న ఆ తంతి కొద్ది వారములలోనే మూగవోయెను. ఆ నష్టమును గూర్చి జరిగిన విచారణ ఫలితముగా, తంతి తయారగుచుండగనే ప్రతి భాగమునకును బంధక నిరోధమును కొలువవలెనను నియమము ఏర్పడెను. విలియం థామ్సన్ రూపొందించిన దర్పణ గాల్వనోమీటరు ఈ పనికి కన్నుగా ఉపకరించెను. ఊరకే క్షీణించుచుండు ప్రవాహమును ఎప్పుడు చదువవలెనను ప్రశ్నకు తంతి ఇంజనీర్లు చెప్పుకొన్న సమాధానము 1 నిమిషము. ఆ నిమిషమునకు భౌతిక కారణమేదియు లేదు. ఓర్పునకును తొందరకును నడుమ కుదిరిన రాజీ అది. అయినను నేటివరకును ప్రమాణ గ్రంథములలో అదే నిలిచియున్నది.

సిద్ధాంతము తరువాత వచ్చెను. జాన్ హాప్కిన్సన్ 1876, 1877 సంవత్సరములలో లీడెన్ జాడీల గాజునందు మిగులు ఆవేశమును క్రమముగా పరిశోధించి, వేర్వేరు కాలములందు వర్తించిన వోల్టేజిల ప్రభావములు ఒకదానికొకటి అడ్డు రాక కలసిపోవునని చూపెను. స్థితిస్థాపకతకు సంబంధించి బోల్ట్స్‌మన్ అప్పటికే చెప్పిన అధ్యారోపణ సూత్రమే ఇది. జాక్ క్యూరీ 1889లో, ఫాన్ ష్వైడ్లర్ 1907లో శోషణ ప్రవాహము కాలపు ఒకానొక ఘాతమునకు విలోమముగా తగ్గునని నిరూపించిరి. రెండు వేర్వేరు వాహకత్వములు గల పొరలు జతపడినపుడు వాని సరిహద్దున ఆవేశము గూడుకొనునని మాక్స్‌వెల్ చెప్పియుండగా, కార్ల్ విల్లీ వాగ్నర్ 1914లో దానిని చిన్న కణములు చెదరియున్న మిశ్రమములకు విస్తరింపజేసెను. నూనె, కాగితము కలిసియుండు ట్రాన్స్‌ఫార్మరు బంధకమును అర్థము చేసికొనుటకు ఈ మాక్స్‌వెల్–వాగ్నర్ ధ్రువణమే ముఖ్యమైన తాళపుచెవి. ఇట్లే పీటర్ డిబై ధ్రువాణువులు క్షేత్రమున తిరుగుటకు పట్టు విశ్రాంతికాలమను భావనను ప్రవేశపెట్టి, రోధక స్థిరాంకము పౌనఃపున్యముతో ఏల తగ్గునో, నష్టము ఒకచోట ఏల శిఖరమునందుకొనునో చూపెను.

ఇక కొలువవలసిన రాశుల స్వరూపము. ఆదర్శ కండెన్సరునందు ప్రవాహము వోల్టేజికంటె సరిగా 90 డిగ్రీలు ముందుండును. నిజమైన రోధకమునందు ఆ కోణము కొంచెము తగ్గును. ఆ తరుగునే నష్టకోణమనియు, దాని టాంజెంటును ఇంజనీర్ల వాడుకలో టాన్ డెల్టా యనియు అందురు. 2 మిల్లీమీటర్ల మందము గల పాలిథీను పలకపై 50 మిల్లీమీటర్ల వ్యాసముగల ఎలక్ట్రోడును అమర్చితిమనుకొందము. పాలిథీను రోధక స్థిరాంకము 2.3 గనుక ధారణశక్తి ఇంచుమించు 20 పికోఫారడులు. 50 హెర్ట్జ్ వద్ద 500 వోల్టులు వర్తించినచో 3.1 మైక్రో ఆంపియర్లు ప్రవహించును. టాన్ డెల్టా 0.0002 అయినచో అందులో నష్టమునకు కారణమగు భాగము 0.6 నానో ఆంపియరు మాత్రమే. అదే నమూనాను 0.01 హెర్ట్జ్ వద్ద 1 వోల్టుతో పరీక్షించి, టాన్ డెల్టా మారలేదనుకొన్నచో, ఆ నష్టభాగము సెకనుకు సుమారు 1,600 ఎలక్ట్రానుల ప్రవాహమునకు దిగజారును. దాదాపు 5,000 రెట్లు పెద్దదైన ధారణ ప్రవాహపు నీడనుండి దీనిని విడదీసి చదువవలెను. అల్ప పౌనఃపున్య మాపనమునందలి కష్టమును ఈ ఒక్క లెక్క చాలినంతగా చెప్పును.

నమూనాను సిద్ధపరచుటయందు జరుగు పొరపాట్లు సాధనములలోని పొరపాట్లకంటె ఎక్కువ. ఎలక్ట్రోడునకును పలకకును నడుమ మిగిలిన గాలిపొర కంటికి కనబడదు గాని లెక్కలో కనబడును: 50 మైక్రాన్ల మందము, 7 రోధక స్థిరాంకము గల అభ్రకపు రేకుకు 1 మైక్రాను గాలిపొర తోడైనచో కొలిచిన ధారణశక్తి 12 శాతము తక్కువగా వచ్చును. అందుచేతనే వెండిని గాని బంగారమును గాని శూన్యమున ఆవిరిగా మార్చి నమూనాపై పూతపెట్టుట, వెండిరంగు పూయుట, లేదా పలుచని తగరపు రేకును పెట్రోలియం జెల్లీతో అంటించి రోలరుతో ఒత్తుట వాడుకలోనికి వచ్చినవి. ఎలక్ట్రోడు అంచులవద్ద క్షేత్రరేఖలు బయటికి వంగుటవలన కలుగు దోషమును తప్పించుటకు థామ్సన్ తన ఎలక్ట్రోమీటరునందు వాడిన రక్షక వలయము ఉపకరించును. మధ్యనున్న గుండ్రని ఎలక్ట్రోడు చుట్టును సన్నని ఎడముంచి మరియొక వలయమును అమర్చి, రెంటిని ఒకే పొటెన్షియలునందుంచినచో, వంకరపోవు రేఖలు వలయమునకు చెందును. కొలతకు వచ్చునది నడుమనున్న నిటారు రేఖలే. పైతలముమీదుగా ప్రాకివచ్చు ప్రవాహమును సైతము ఆ వలయమే గ్రహించి కొలతకు వెలుపలనే భూమికి మరలించును. ఎలక్ట్రోడులు తాకకుండనే కొలుచు మరియొక ఉపాయము కలదు: పలకను దానితో ఇంచుమించు సమానమైన రోధక స్థిరాంకము గల ద్రవమున ముంచి, ముంచకమునుపటి ధారణశక్తితో పోల్చుట. పాలిథీను వంటివానికి ఇది మిక్కిలి కచ్చితమైన పద్ధతి.

నిరోధకతను కొలుచునపుడు సాధారణముగా 500 వోల్టులను వర్తింపజేసి 1 నిమిషము పిదప ప్రవాహమును చదువుదురు. పైన చెప్పిన పాలిథీను పలకయే 10¹⁶ ఓం-మీటర్ల నిరోధకత గలదైనచో దాని నిరోధము కూడ ఇంచుమించు 10¹⁶ ఓములు. ప్రవహించునది ఆంపియరులో 5×10⁻¹⁴ వంతు. ఇంత స్వల్ప ప్రవాహములకు పూర్వము థామ్సన్ చతుష్పాద ఎలక్ట్రోమీటరును, తరువాత వాల్వు ఎలక్ట్రోమీటరులను, కంపించు పత్రముగల ఎలక్ట్రోమీటరులను వాడిరి. నేడు అర్ధవాహక సాధనములు ఆ స్థానము నాక్రమించినవి. సాధనము మారినను ఇక్కట్లు మారలేదు. కలుపు కేబులును కదిపినచో లోపలి రాపిడివలన పుట్టు ఆవేశమే కొలువవలసినదానికంటె అధికమగును. ప్రక్కన మనుష్యుడు నడచినను ముల్లు చలించును. ఆచ్ఛాదన లేని కొలత కొలతయే కాదు. పైగా నిరోధకతను రోధక స్థిరాంకముతోను, శూన్య స్థిరాంకమగు 8.854×10⁻¹² తోను హెచ్చించినచో వచ్చునది పదార్థపు సహజ కాలమానము. ఈ పాలిథీనుకు అది 2 లక్షల సెకనులు, అనగా రెండు దినములకు మించినది. అట్టి పదార్థమునకు 1 నిమిషపు కొలతయందు దొరకినది నిజమైన నిరోధకత కాదు, శోషణ ప్రవాహపు ఒక దశమాత్రమే. పట్టికలయందు ఒకే ప్లాస్టిక్కునకు వేయిరెట్ల తేడాగల విలువలు కనబడుటకు ఇదియొక ప్రధాన కారణము.

తల నిరోధకత పదార్థపు గుణమనుటకంటె వాతావరణపు గుణమనుట న్యాయము. పొడిగాలిలో ఉత్తమ బంధకమైన గాజు చెమ్మగాలి సోకగానే పైన నీటిపొర కట్టి, నిరోధమున వేలరెట్లు పడిపోవును. మైనము, టెఫ్లాను వంటివి నీటిని పట్టనీయవు గనుక నిలుచును. వ్రేలిముద్రలోని ఉప్పు చాలును, నమూనాను చెరచుటకు. ఇందుకే కొలతకు మునుపు నమూనాను నియత ఉష్ణోగ్రత, ఆర్ద్రతలయందు చాల గంటలు ఉంచుట ఆచారము. ఐరోపా దేశముల అలవాటు 23 సెంటిగ్రేడు డిగ్రీలు, 50 శాతము ఆర్ద్రత. భారత ప్రమాణములు మన శీతోష్ణస్థితిని గమనించి 27 డిగ్రీలను, 65 శాతమును గ్రహించినవి. ఈ మార్పు సబబైనదే. కోస్తా తీరమున వర్షాకాలమందు ఈ 65 శాతము సైతము ఎండిన వాతావరణముగనే కనబడును.

ఏకాంతర విద్యుత్తుతో కొలుచుటకు చిరకాలము రాజ్యమేలినది షేరింగ్ బ్రిడ్జి. బెర్లినులోని జర్మను ప్రభుత్వ భౌతిక సాంకేతిక సంస్థలో పనిచేసిన హరాల్డ్ షేరింగ్ దీనిని 1920లో ప్రకటించెను. నాలుగు భుజములలో ఒకదాన నమూనా, వేరొకదాన నష్టములేని ప్రామాణిక కండెన్సరు, మిగిలిన రెంట నిరోధములు, వానిలో ఒకదానికి సమాంతరముగా మార్చదగిన చిన్న కండెన్సరు ఉండును. పదివేల వోల్టులు వర్తించినను ఆ వోల్టేజియంతయు నమూనామీదను ప్రామాణిక కండెన్సరుమీదను పడి, పరిశోధకుని చేతికందు భుజములు భూమికి చేరువగా, నిరపాయముగా ఉండుటయే దీని చమత్కారము. చిన్న కండెన్సరునకు సమాంతరమైన నిరోధమును 10,000ను వృత్తస్థిరాంకముచే భాగింపగా వచ్చు 3,183 ఓములుగా నిలిపినచో, 50 హెర్ట్జ్ వద్ద చిన్న కండెన్సరు మైక్రోఫారడులలో చూపు అంకెయే టాన్ డెల్టా; గుణించు శ్రమ లేదు. ప్రామాణిక కండెన్సరు విషయమున 1928లో షేరింగ్, ఫీవెగ్ అనువారు సంపీడిత వాయువును రోధకముగా వాడిరి. నష్టము దాదాపు లేనట్టి ఇట్టి కండెన్సరులు నేటికిని ప్రయోగశాలలలో కలవు. భూమితో కలుగు దొంగ ధారణశక్తులను తప్పించుటకు వాగ్నర్ చేసిన ఉపభుజము, 1928లో ఆలన్ బ్లమ్లిన్ పేటెంటు పొందిన గాఢసంధిత చుట్టల నిష్పత్తి భుజములు బ్రిడ్జిలకు కలిగిన మరికొన్ని మెరుగులు. ఈ చుట్టల నిష్పత్తి తీగచుట్ల సంఖ్యపై ఆధారపడును గనుక కాలముతో చెడదు; కచ్చితత్వమున ఇట్టి చుట్టలుగల ట్రాన్స్‌ఫార్మరు బ్రిడ్జిలు షేరింగ్ బ్రిడ్జిని మించుటకు ఇదియే కారణము.

ఇచట ఒక ప్రాసంగిక విషయము. ప్రామాణిక కండెన్సరు విలువ దేనిని బట్టి నిర్ణయింపబడును? ఆస్ట్రేలియాలో థామ్సన్, లాంపార్డ్ అనువారు 1956లో నిరూపించిన సిద్ధాంతము ప్రకారము, తగినట్లు అమర్చిన నాలుగు స్థూపములలో ఎదురెదురు స్థూపముల మధ్య ధారణశక్తి వాని పొడవుమీద మాత్రమే ఆధారపడి, మీటరుకు సుమారు 1.95 పికోఫారడులగును, అడ్డుకొలతలతో పనిలేదు. ఈ థామ్సన్ గట్టపర్చా కాలపు విలియం థామ్సన్ కాడు. విద్యుత్ ప్రమాణమొకటి కేవలము పొడవు కొలతకు కట్టుబడుట ఈ శాస్త్రమున సుందరమైన ఘట్టము.

1 హెర్ట్జ్‌నకు దిగువన బ్రిడ్జి పని మందగించును. 0.001 హెర్ట్జ్ వద్ద ఒక్క ఆవృత్తి పూర్తియగుటకు 16 నిమిషముల 40 సెకనులు పట్టును. సమతుల్యము కుదిరినదో లేదో తెలియుటకే అట్టివి కొన్ని గడువవలెను. ఈలోగా గది ఉష్ణోగ్రత మారిన, ఆ మార్పు కొలతలోనికి చొచ్చుకొనివచ్చును. కావున నేడు నమూనాగుండ పోవు ప్రవాహమును ఆవేశ వర్ధకముతో గ్రహించి, దానిని వర్తించిన వోల్టేజితో సంఖ్యారూపమున గుణించి, సమదశయందలి భాగమును 90 డిగ్రీల ఎడమునందలి భాగమును వేరుచేయు పౌనఃపున్య ప్రతిస్పందన విశ్లేషకములను వాడుచున్నారు. అంతకంటె చతురమైన మార్గము కాలమును పౌనఃపున్యముగా మార్చుట. హఠాత్తుగా ఏకముఖ వోల్టేజిని కలిపి, క్షీణించు ప్రవాహమును కొన్ని గంటలు నమోదుచేసి, గణితముచే దానినుండి నష్టమును రాబట్టవచ్చును. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు హామన్ 1952లో చూపిన సులభ సూత్రము ప్రకారము, వోల్టేజి కలిపిన 10 సెకనులకు గల శోషణ ప్రవాహము 0.01 హెర్ట్జ్ నష్టమును, 100 సెకనులకు గల ప్రవాహము 0.001 హెర్ట్జ్ నష్టమును తగినంత చేరువగా తెలుపును. కాగితము, పెన్సిలు, ఓర్పుగల ఎలక్ట్రోమీటరు ఉన్నచో చాలును. స్థిర వాహక ప్రవాహమును ముందు తీసివేయవలెనను షరతును మాత్రము మరువరాదు. తీసివేయనిచో పౌనఃపున్యము తగ్గినకొలది టాన్ డెల్టా పెరుగుచు పోయి, లేని ధ్రువణమును ఉన్నట్లు భ్రమింపజేయును.

కొలిచిన వక్రరేఖలకు అర్థము చెప్పుటయందు అభిప్రాయ భేదములు కలవు. డిబై సూత్రము ప్రకారము నష్టశిఖరము నిర్ణీతమైన వెడల్పు గలదై యుండవలెను. ఘన పదార్థములయందు అది ఎంతో వెడల్పుగా కనబడును. కెన్నెత్ కోల్, రాబర్ట్ కోల్ సోదరులు 1941లో ఒక్క ఘాతాంకమును చేర్చి సూత్రమును సవరించిరి. పిదప ఇతరులు మరియొక ఘాతాంకమును చేర్చిరి. లండనులోని జాన్‌షర్ 1977లో పదార్థము ఏదైనను ప్రతిస్పందన ఒకే ఘాతనియమము ననుసరించునని వాదించి, దానికి సార్వత్రికత్వమును ఆపాదించెను. అంత విశాలమైన తీర్పు తొందరపాటని పెక్కురు తలంచుట న్యాయమే. అయినను క్యూరీ, ష్వైడ్లర్‌ల ప్రాచీన నియమమును అతడు మరల చర్చకు తెచ్చుట మేలైనది.

తెలుగుదేశమునకు ఈ విషయముతో గల నిజమైన సంబంధము అభ్రకము ద్వారా ఏర్పడినది. జనులు కాకిబంగారమని పిలుచు ఈ ఖనిజము ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని గూడూరు, రాపూరు, ఆత్మకూరు ప్రాంతముల గనులనుండి తరతరములుగా త్రవ్వబడుచున్నది. నెల్లూరి రేకు లేత ఆకుపచ్చ ఛాయ గలది. రేకులను చీల్చి, ఎండకెత్తి చూచి, స్వచ్ఛముగా నున్నవానిని మేలురకముగాను, ఇనుప ఆక్సైడు మచ్చలున్నవానిని తక్కువ రకముగాను ఏరుట వ్యాపారపు ఆచారము. రెండవ ప్రపంచయుద్ధ కాలమున కండెన్సరులకు అభ్రకము చాలక, అమెరికాలోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలవారు రేకులను కంటితో గాక విద్యుత్సాధనముతో పరీక్షించి చూడగా, మచ్చలున్నవానిలో పెక్కు కండెన్సరులకు చక్కగా తగియుండెను. ఆ పరీక్ష అధిక పౌనఃపున్యమున జరిగినదైనను దాని పాఠము అన్నిటికిని వర్తించును. ఎండకెత్తి చూచు కన్ను మచ్చను చూడగలదు, నష్టమును చూడలేదు.

కర్మాగారమునందును పొలముగట్టునందును ఈ విద్య మెగ్గరు రూపమున కనబడును. బావి మోటారు కాలిపోగా రీవైండింగు చేసి, వార్నీషు పోసి, ఎండబెట్టిన పిదప మెగ్గరు వేసి చూడని మేస్త్రి ఉండడు. 500 వోల్టులు వర్తింపజేసి మెగోములలో చదువు ఆ సాధనము, 1 నిమిషపు తంతి పరీక్షకు వారసురాలు. పెద్ద యంత్రములకు ఒక్క అంకెతో తృప్తిపడక, 10వ నిమిషపు నిరోధమును 1వ నిమిషపు నిరోధముచే భాగించి ధ్రువణ సూచిక యని పేర్కొందురు. ఎండిన మంచి చుట్టయందు శోషణ ప్రవాహము క్షీణించుచు పోవును గనుక సూచిక 2 లేదా అంతకు మించియుండును. చెమ్మగిలిన చుట్టయందు వాహక ప్రవాహమే ప్రబలి, సూచిక 1కి దిగును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినపుడెల్ల చుట్ట నిరోధము సుమారు సగమగునను స్థూలనియమమును పాటించి విలువలను సవరింతురు.

ట్రాన్స్‌ఫార్మరులయందు 50 హెర్ట్జ్ టాన్ డెల్టా చాలకాలముగా వాడుకలో నున్నది. నూనె మాత్రమైనచో దానిని 90 డిగ్రీల వేడిమియందు మూడు ఎలక్ట్రోడుల పాత్రలో పోసి కొలుతురు. క్రొత్త నూనెకు అంతర్జాతీయ ప్రమాణము విధించిన పరమావధి 0.005. అనుభవజ్ఞులెవరిని అడిగినను ఈ పరీక్షలో మూడువంతుల పని పాత్రను కడుగుటయే యని చెప్పుదురు. కాగితమునందలి తేమ మాత్రము నూనెపరీక్షకు అందదు. 1,000 హెర్ట్జ్ మొదలు 0.001 హెర్ట్జ్ వరకు టాన్ డెల్టాను కొలిచి వక్రరేఖను గీసినచో, నడుమ భాగము నూనె వాహకత్వమును, అత్యల్ప పౌనఃపున్య భాగము కాగితమును, దాని తేమను తెలుపును. ట్రాన్స్‌ఫార్మరును విప్పకయే అర శాతము తేమను 4 శాతము తేమను వేరుపరచవచ్చును. కేబుళ్ళకు 0.1 హెర్ట్జ్ పరీక్ష ప్రబలుటకు కారణము వేరు. 1 మైక్రోఫారడు ధారణశక్తిగల కేబులుకు 20,000 వోల్టులను 50 హెర్ట్జ్ వద్ద వర్తింపవలెనన్న సుమారు 126 కిలోవోల్ట్-ఆంపియర్ల యంత్రము కావలెను, 0.1 హెర్ట్జ్ వద్ద 250 వోల్ట్-ఆంపియర్లు చాలును. ఒక బండిలో పట్టు యంత్రముతో పని ముగియును. పైగా పాలిథీనులో నీటివలన పెరుగు వృక్షాకార దోషములు ఆ పౌనఃపున్యముననే స్పష్టముగా బయటపడును.

భారతదేశమున విద్యుత్ ప్రమాణములను ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరిరక్షించుచున్నది. 1960లో బెంగుళూరున స్థాపితమైన కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ యంత్రసామగ్రి పరీక్షలను జరుపుచున్నది; అత్యధిక వోల్టేజి పరిశోధనకు దాని ప్రయోగశాల హైదరాబాదునందు కలదు. రోధక స్థిరాంకము, టాన్ డెల్టాలను కొలుచుటకు 1969 నుండి అమలులోనున్న అంతర్జాతీయ ప్రమాణము 60250 స్థానమున 2018లో 62631 పరంపరలోని నూతన ప్రమాణము వచ్చినది. పాత గ్రంథముల పట్టికలను వాడుకొను పాఠకులు విలువ ప్రక్కన పౌనఃపున్యము, ఉష్ణోగ్రత, ఆర్ద్రత, వోల్టేజి వర్తించిన కాలము వ్రాయబడినవో లేవో ముందు చూచుకొనవలెను. అవి లేని విలువపై యంత్రనిర్మాణము చేయరాదు.